ప్రతిపక్ష ఎంపీ చర్చల లెక్క ఎలా చూడాలి?

ప్రశ్న: మా లోక్‌సభ సభ్యుడిది ప్రతిపక్షం. హాజరు బాగుంది, పాల్గొన్న చర్చల అంకె కూడా పెద్దదే. దాన్ని నమ్మొచ్చా?

జవాబు 1: అంకె ఒక్కటే చాలదండీ. బడ్జెట్ మీద పదిహేను నిమిషాలు మాట్లాడినా, 377 నిబంధన (వేరే నిబంధనల కిందికి రాని విషయాన్ని సభ దృష్టికి తెచ్చే వీలు) కింద అర పేజీ కాగితం సభ ముందు పెట్టినా లెక్కలో ఒకటిగానే పడొచ్చు. సంసద్ (పార్లమెంటు) వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరుతో వెతికి ప్రసంగ పాఠం చదవండి. బిల్లులో ఏ క్లాజును పట్టుకున్నారు, సవరణ ఇచ్చారా, అసలు పని అక్కడే తెలుస్తుంది. హాజరంటే సభకు వచ్చినట్టు నమోదు మాత్రమే. ప్రతిపక్ష నేత, మంత్రులకు అదీ అక్కర్లేదు.

జవాబు 2: మాట్లాడే సమయం పార్టీ బలాన్ని బట్టి వస్తుంది. చిన్న పార్టీకి పెద్ద బిల్లు మీదా కొద్ది నిమిషాలే, కాబట్టి ప్రశ్నలు తప్పక చూడండి. రోజుకు నక్షత్ర గుర్తువి (సభలో నోటితో జవాబిచ్చేవి) 20, గుర్తు లేనివి (రాతలో జవాబిచ్చేవి) 230, ఎంపిక లాటరీలో. నక్షత్ర ప్రశ్నకే మంత్రిని నిలబెట్టి అనుబంధ ప్రశ్న అడగగలరు. ప్రశ్నోత్తరాలు మొదలయ్యే 11 గంటలకే సభ వాయిదా పడితే రాతపూర్వక జవాబు మిగులుతుంది, నిలదీసే అవకాశం పోతుంది. ప్రతిపక్షానికి అది పెద్ద నష్టం.

ప్రశ్న అడిగినవారు: జీరో అవర్?

జవాబు 1: అది ప్రశ్నోత్తరాల తర్వాత అత్యవసర ప్రజా విషయాలు లేవనెత్తే సమయం. ముందుగా నోటీసివ్వాలి. అక్కడ మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు.