అప్‌డేట్: లాయరు లేకుండా అప్పీలు, 30 రోజుల గడువు సంగతి

పొలం దావాలో మా అమ్మకు వ్యతిరేకంగా జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఇచ్చిన డిక్రీపై (తీర్పును అనుసరించి కోర్టు ఇచ్చే ఉత్తర్వు), లాయరు లేని పరిస్థితిలో, అప్పీలుకున్న 30 రోజుల గడువు దాటాక జిల్లా కోర్టులో అప్పీలు వేయవచ్చా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమన్న సలహాయే పనిచేసింది; అప్పీలును కోర్టు విచారణకు తీసుకుని నంబరు వేసింది.

అక్కడ కేటాయించిన న్యాయవాది ముందుగా తీర్పు సర్టిఫైడ్ కాపీపై (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలు) ఉన్న ముద్రలో కాపీకి దరఖాస్తు ఇచ్చిన రోజు, ఛార్జీలు కట్టిన రోజు, కాపీ సిద్ధమైన రోజు చూశారు. కోర్టు గడువులను నిర్ణయించే 1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కాపీ తీసుకోవడానికి పట్టిన కాలాన్ని 30 రోజుల లెక్కలోంచి మినహాయించాలి కనుక, మాకు గడువు దాటనే లేదని తేలింది. ఆలస్యాన్ని మన్నించమని 5వ సెక్షన్ కింద వేయాలనుకున్న పిటిషనుతో పని పడలేదు. ఆదాయ ధ్రువపత్రమూ అక్కర్లేకపోయింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మహిళలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

అయితే, తీర్పు వచ్చాక కాపీకి దరఖాస్తు పెట్టేవరకు గడిచిన రోజులు ఈ మినహాయింపులోకి రావు. లాయరున్నవారికి ఈ లెక్క గుమాస్తాయే చెబుతాడు, లేనివారికి చెప్పే నాథుడు లేడు; ఇది నాకు అన్యాయంగానే తోస్తోంది. కాబట్టి కోర్టు తీర్పు వెలువరించిన రోజునే కాపీకి దరఖాస్తు ఇవ్వండి.