డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కోర్సులో హోంవర్క్‌కి 15 శాతమే, ఎంత పట్టించుకోవాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ తీసుకున్నాను. మొదటి క్లాసులో సార్ ఇచ్చిన సిలబస్ కాగితంలో రూల్సే ఎక్కువ. హోంవర్క్‌కి 15 శాతం, రెండు మిడ్‌టర్మ్‌లకి కలిపి 45, ఫైనల్‌కి 40. ఆలస్యమైతే హోంవర్క్ తీసుకోరు, కానీ తక్కువ మార్కులొచ్చిన రెండిటిని లెక్కలోంచి తీసేస్తారు. పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు. "కలిసి చర్చించుకోవచ్చు, కానీ ఎవరి జవాబు వాళ్లే రాయాలి" అని కూడా ఉంది. కలిసి చేస్తే జవాబు ఒకటే వస్తుంది కదా, మరి వేరుగా రాయడమంటే ఏంటి? కాలిక్యులస్ పాసై ఏడాదిన్నరైంది, ఇంటిగ్రేషన్ సగం మర్చిపోయాను. టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఈ కోర్సు పేపర్లు నేను మూడు సెమిస్టర్లు దిద్దాను తమ్ముడూ, అందుకే గట్టిగా చెబుతున్నా, ఆ 15 శాతాన్ని చిన్నగా చూడకు. మిగతా 85కి చేయి తిరిగేది అక్కడే. తీసేసే ఆ రెండు హోంవర్క్‌లూ జ్వరమొచ్చిన వారానికో, నాలుగు పరీక్షలు మీదపడ్డ వారానికో దాచుకో, మొదటి నెలలోనే వాడేసుకున్నవాళ్లు చివర్లో వచ్చే లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ పాఠం దగ్గర చాలా ఇబ్బంది పడ్డారు.

వేరుగా రాయడమంటే, బోర్డు మీద అందరూ కలిసి చేయండి, తర్వాత అది చెరిపేసి, ఎవరి గదికి వాళ్లు వెళ్లి తెల్లకాగితం మీద మొదటినుంచీ రాయండి. ఎక్కడ పెన్ను ఆగిందో నీకు అర్థం కానిది అదే. కాపీ కొట్టినవి దిద్దేవాళ్లకి ఇట్టే తెలిసిపోతాయి, ఎందుకంటే తప్పు కూడా అదే లైన్లో, అదే గుర్తుతో వస్తుంది.

మార్కులు ఎక్కువ పోయేది ఎక్కడో చెప్తాను. డీవై బై డీఎక్స్ = వై. వైని ఒకవైపుకి, ఎక్స్‌ని ఇంకోవైపుకి తీసుకెళ్లి ఇంటిగ్రేట్ చేస్తారు, లాగ్ వై = ఎక్స్ అని రాసి, సి (ఇంటిగ్రేట్ చేస్తే వచ్చే స్థిరాంకం) మాట చివర్లో గుర్తొచ్చి, వై = ఈ పవర్ ఎక్స్ అని రాసి దాని పక్కన ప్లస్ సి పెట్టేస్తారు. సి ఇంటిగ్రేట్ చేసిన ఆ లైన్లోనే రావాలి, అప్పుడది గుణకంగా మారి సి ఇంటూ ఈ పవర్ ఎక్స్ అవుతుంది. జవాబుని మళ్లీ సమీకరణంలో వేసి చూస్తే అర నిమిషంలో దొరికే తప్పిది! ఇలా సరిచూసుకోవడానికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

రెండోది, డీవై బై డీఎక్స్ = వై స్క్వేర్ లాంటివాటిలో వై స్క్వేర్‌తో భాగించేటప్పుడు వై సున్నా కాదని అనుకున్నట్టే. ఎక్స్ సున్నా దగ్గర వై సున్నా అని ఇస్తే, నీకొచ్చిన ఫార్ములాలో ఏ సి పెట్టినా కుదరదు, వై = 0 అన్నదే జవాబు. అది భాగించినప్పుడే జారిపోయింది.

జవాబు 2: కాలిక్యులస్ మొత్తం తిరగేయక్కర్లేదు. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్, లాగ్ సూత్రాలు, ఈ మూడూ ఈ వారాంతంలో చూసుకోండి. పార్షియల్ ఫ్రాక్షన్స్ లాప్లాస్‌లో మళ్లీ వస్తాయి. ఆఫీస్ అవర్స్‌కి (సార్ తన గదిలో డౌట్లు చెప్పే వేళలకి) "ఏమీ రాలేదు సార్" అని వెళ్లకండి, తప్పైనా సరే మీరు చేసినంత పట్టుకెళ్లండి, ఆయన నేరుగా ఆ లైన్ దగ్గరికే వస్తారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. నిన్న ఇచ్చిన హోంవర్క్ తీసి చూస్తే మూడో లెక్కలో సి చివర్లోనే పెట్టాను. ఇంకొక్కటి, మిడ్‌టర్మ్ రోజు ఒంట్లో బాగోకపోతే?

జవాబు 1: ఆ కాగితంలో మేకప్ పరీక్ష (రాయలేకపోయినవాళ్లకి మళ్లీ పెట్టేది) గురించి ఉన్న లైన్ ఇప్పుడే చదివి పెట్టుకో. ఒంట్లో బాగోలేకపోతే పరీక్ష మొదలవకముందే సార్‌కి మెయిల్ పెట్టు, రెండు ముక్కలైనా చాలు. అయిపోయాక చెబితే ఆయన ఒప్పుకోవాలనుకున్నా రూల్ అడ్డొస్తుంది.