అప్‌డేట్: ఫ్లై ఫిషింగ్‌కు ఏ ఫ్లోట్ ట్యూబ్ తీసుకున్నానంటే

అమలాపురం దగ్గర చెరువులో ఫ్లై ఫిషింగ్‌తో (తేలికపాటి కృత్రిమ ఎరను లైనుతో విసిరి చేపలు పట్టే పద్ధతి) కొరమేను పట్టడానికి గుండ్రటి ఫ్లోట్ ట్యూబ్ (నీళ్లపై కూర్చుని చేపలు పట్టే, గాలి నింపిన తేలే సీటు) కొనాలా, ముందువైపు తెరిచి ఉండే యు ఆకారపుదా అని వేసవిలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. యు ఆకారపుదే తీసుకున్నాను.

‘కొనేముందు ఫిన్స్ (నీళ్లలో కాళ్లతో తోసుకుంటూ కదలడానికి పాదాలకు వేసుకునే రబ్బరు రెక్కలు) తొడుక్కుని ఎక్కి దిగి చూడండి’ అన్న సలహాతోనే విషయం తేలిపోయింది. మిత్రుడి గుండ్రటి ట్యూబులో ఫిన్స్‌తో కాళ్లు దూర్చబోయి గట్టు బురదలో రెండుసార్లు తూలాను. యు ఆకారపుదైతే వెనక్కి నడుస్తూ నీళ్లలోకి దిగి కూర్చుంటే చాలు. సీటు కూడా ఎత్తు. లైను విసిరేటప్పుడు మోచేయి నీటికి తగలడం లేదు.

మొదటి రోజు ట్యూబు మెత్తబడితే చిల్లు పడిందనుకుని హడలిపోయాను. సబ్బునీళ్లు పూసి చూస్తే ఒక్క బుడగా రాలేదు. ఎండలో వేడెక్కిన గాలి చల్లటి నీళ్లలో కుంచించుకుపోయింది, అంతే. నీళ్లలో ఉండగానే మరికాస్త గాలి కొట్టాను. ఒడ్డుకు చేరాక మాత్రం ఆ గాలి తప్పకుండా తీసేయాలి, లేకపోతే ఎండకు కుట్లు పిగిలిపోతాయి.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల్లో దీన్ని దయచేసి దింపకండి. ఆ ప్రవాహానికి ఫిన్స్ చాలవు. చెరువులోనైనా గుర్రపుడెక్క ఉన్నవైపు వెళ్లను, లైఫ్ జాకెట్ విప్పను.