'అమ్మకానికి కాదు' అని రాసి ఉన్న ప్రోమో రికార్డు కొనడం తప్పా?

సూదిమొన: ఈమధ్య ఒక పాత ట్వెల్వ్ ఇంచ్ (పెద్ద సైజు వినైల్ రికార్డు) కొన్నాను. తెల్ల లేబుల్, దాని మీద రబ్బరు స్టాంపుతో 'ప్రచారానికి మాత్రమే, అమ్మకానికి కాదు' అని ఉంది. దొంగసొత్తు కొన్నావని మా ఫ్రెండ్ ఒకటే ఎగతాళి. నిజంగా తప్పేనా? అసలివి బయటికెలా వస్తాయి?

పాతపలక: తప్పు లేదు. అమెరికాలో ఇది కోర్టులో తేలిపోయిన విషయం. ప్రోమో సీడీలను ఈబేలో అమ్మినాయన మీద యూనివర్సల్ మ్యూజిక్ కంపెనీ వాళ్లు కేసు వేశారు (యూఎంజీ వర్సెస్ అగస్టో). 2011లో అప్పీల్ కోర్టు అమ్మినాయన పక్షానే నిలిచింది. అడక్కుండా పోస్టులో పంపారు, తిరిగి ఇమ్మనలేదు, ఎవరి దగ్గర ఏముందో లెక్కా పెట్టుకోలేదు. అలాంటప్పుడు 'ఇది మాదే' అని పైన అచ్చేసుకుంటే చెల్లదు. అంతకు చాలా ముందే, 1908లో, ఒక పుస్తకం కేసులో వాళ్ల సుప్రీం కోర్టు కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. డాలరు కంటే తక్కువకి అమ్మకూడదని పుస్తకంలో వేసినా కుదరదంది.

రెండోవైపు: కోర్టు సంగతి సరే, మర్యాద సంగతేంటి? నేను కొన్నాళ్లు చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) నడిపాను. మూడొందల కాపీలు వేయిస్తే యాభై ప్రోమోలకే పోయేవి. ఒక్కో కవర్లో చేత్తో చీటీ రాసి పెట్టేవాణ్ని. ఒకసారి రికార్డు ఇంకా షాపులకి చేరనే లేదు, ఆన్‌లైన్‌లో ఒకటి అమ్మకానికి కనబడింది. ఫోటోలో నా చీటీ మడత కూడా విప్పలేదు. కింద గొప్పగా 'అన్‌ప్లేడ్' (ఒక్కసారీ వేయనిది) అని రాశాడు!

పాతపలక: మీ స్టాంపు మీద 'అరువు' అని వేశారా, 'అమ్మకానికి కాదు' అని వేశారా? రెండూ ఒకటి కాదు.

రెండోవైపు: ఏం వేస్తే ఏంటండీ?

డబుల్‌డెక్: సూదిమొన గారూ, ఎలా వస్తాయని అడిగారు కదా. రేడియో స్టేషన్లకి, రివ్యూలు రాసేవాళ్లకి, మాలాంటి డీజేలకి లేబుళ్లే పంపుతాయి. ఒకప్పుడు డీజేలు రికార్డుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. 1975లో న్యూయార్క్‌లో డీజే డేవిడ్ మాన్‌కూసో, మరికొందరు కలిసి రికార్డ్ పూల్ పెట్టారు. లేబుళ్లు అక్కడికి కట్టలుగా ఇస్తే సభ్యులు పంచుకునేవారు. బదులుగా ఫలానా పాటకి జనం ఎలా ఆడారో ఫారం నింపి ఇవ్వాలి. తర్వాత స్టేషన్ లైబ్రరీ ఖాళీ చేసినప్పుడో, ఎవరైనా ఇల్లు మారినప్పుడో అవన్నీ సెకండ్ హ్యాండ్ షాపుల్లో తేలతాయి. టెస్ట్ ప్రెస్సింగ్ వేరే రకం. ముద్రణ సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి కొన్ని కాపీలే తీస్తారు, కలెక్టర్లు ఎగబడేది వాటికే.

బీసైడ్: నా దగ్గరున్నవి సగం ప్రోమోలే. హాయిగా నిద్ర పడుతోంది.

రెండోవైపు: పడుతుంది, ఎందుకు పట్టదు. ప్రోమోల మీద సాధారణంగా ఆర్టిస్టుకి రాయల్టీ రాదు. మీరు కొన్నది ఫ్రీ కాపీ, డబ్బు వెళ్లింది అమ్మినవాడికి. ఇలాంటివాళ్లు ఉండబట్టే ఇప్పుడు పంపే పాటల ఫైళ్లకి, ఎవరి కాపీ బయటికొచ్చిందో తెలిసేలా, వాటర్‌మార్కులు వేయాల్సి వస్తోంది.

డబుల్‌డెక్: ఇలాంటివాళ్లు అంటే ఎవరు సార్? వారానికి ముప్పై నలభై వచ్చేవి, నేను అడిగినవి అందులో రెండు కూడా ఉండవు. అన్నీ విన్నాను. ఒక పాటని ఆర్నెల్లు తిప్పి తిప్పి వేశాను. ఫారంలో నేను రాసిన మాటని స్టిక్కర్ చేసి కవర్ మీద అంటించుకున్నారు, నాకు రూపాయి ముట్టలేదు. క్లబ్బులో వారం వారం నేను చేసే ప్రోగ్రాం ఆగిపోయిన నెలలోనే లిస్టులోంచి పేరు తీసేశారు, ఫోన్ కూడా లేదు. ఆ రికార్డులే నా కూలి. కూలి డబ్బు ఎలా ఖర్చుపెట్టుకోవాలో మీరు చెప్తారా?

మోడరేటర్: ఇద్దరూ కాస్త తగ్గండి. మళ్లీ ఇలాగే సాగితే లాక్ చేస్తాను.

రెండోవైపు: కూలి అని ముందే అనుంటే గొడవే లేదు. నేను కూలి అనుకుని పంపలేదు, వింటారని పంపాను. ఆర్నెల్లు వేసి తర్వాత అమ్ముకుంటే నేను కిక్కురుమనేవాణ్ని కాదు. చీటీ కూడా విప్పకుండా అమ్మేశాడే, నా ఏడుపల్లా అదే.

డబుల్‌డెక్: చీటీ విప్పకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ అడక్కుండా పంపిన నలభైకీ వినే బాకీ నా నెత్తిన ఎవరు పెట్టారు?

రెండోవైపు: లిస్టులో పేరు వేయమని వచ్చింది మీరే కదా?

సూదిమొన: ఇంతకీ నేను కొన్నదాని కవర్లో ఒక ఫారం ఉంది, ఇప్పుడే చూశాను. ఏ వైపు వేశారు, జనం ఆడారా అన్న గళ్లన్నీ ఖాళీ. పేరు దగ్గర మాత్రం నల్ల మార్కర్‌తో కొట్టేశారు.

డబుల్‌డెక్: నాది కాదు. నేను ఫారాలు నింపేవాణ్ని.

పాతపలక: ఫారం సరే, స్టాంపు ఫోటో పెట్టండి. ఎక్కడైనా 'అరువు' అని ఉందేమో చూడాలి.