ఊడిన ఇన్సులేటర్ డిస్కులు: వాలిడేషన్‌లో పట్టిన మోడల్ లైన్ మీద ఎందుకు వదిలేస్తోంది?

ప్రశ్న (బెంగళూరు)
నగర శివార్లలోని 220 కేవీ విద్యుత్ లైన్ డ్రోన్ ఫొటోల మీద యోలో వీ8 (ఫొటోల్లో వస్తువుల్ని గుర్తించే ఏఐ మోడల్) నడుపుతున్నామండి. కరెంటు తీగ టవర్‌కి తగలకుండా వేలాడదీసే ఇన్సులేటర్ డిస్కుల్లో లోపాలు పట్టాలి. 20 మెగాపిక్సెల్ కెమెరా (5472×3648), టవర్‌కి సుమారు 10 మీటర్ల దూరం. ట్రైనింగ్‌కి సీపీఎల్ఐడీ (చైనా విద్యుత్ లైన్ల ఇన్సులేటర్ ఫొటోల డేటాసెట్), దానికి తోడు మా ఫొటోలు 400. వాలిడేషన్‌లో, అంటే పరీక్షకని పక్కన పెట్టిన ఫొటోల మీద, ఎంఏపీ (గుర్తింపు ఎంత సరిగ్గా ఉందో చెప్పే స్కోరు, గరిష్ఠం 1) 0.95 దాటింది. కొత్త టవర్ల దగ్గర మాత్రం ఊడిన డిస్కుల్లో సగం దొరకట్లేదు, స్ప్లిట్ పిన్నులైతే (డిస్కులు ఊడిపోకుండా పట్టి ఉంచే చిన్న పిన్నులు) అసలే దొరకట్లేదు. పెద్ద మోడల్‌కి మారాలా?

జవాబు 1
మోడల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, పిక్సెళ్లు లెక్కపెట్టండి. సెన్సర్ వెడల్పు 13.2 మి.మీ., లెన్స్ 8.8 మి.మీ. అయితే 10 మీటర్ల దగ్గర ఒక పిక్సెల్ అంటే దాదాపు 2.7 మి.మీ. 255 మి.మీ. డిస్కుకి 93 పిక్సెళ్లు వస్తాయి. యోలో డీఫాల్ట్‌గా ఫొటోని 640 పిక్సెళ్లకి కుదిస్తుంది కాబట్టి ఆ 93 కాస్తా 11 అవుతుంది. ఇక 5 మి.మీ. పిన్ను అసలు ఫొటోలోనే రెండు పిక్సెళ్లు! దానికి జూమ్ లెన్స్ తప్ప దారి లేదు.

డిస్కుల కోసం ఫొటోని 1280×1280 పిక్సెళ్ల ముక్కలుగా, పక్కపక్క ముక్కలు 20 శాతం ఒకదానిమీద ఒకటి వచ్చేలా (అతివ్యాప్తి) కోయండి. ఒక్కో ఫొటోకి 24 ముక్కలొస్తాయి. ట్రైనింగ్ కూడా అవే ముక్కల మీద చేయాలి, లేకపోతే సైజులు కలవవు. ఒక చిక్కుంది: 14 డిస్కుల స్ట్రింగ్ (డిస్కుల వరస) 750 పిక్సెళ్ల పొడవు, అతివ్యాప్తి 256 మాత్రమే, స్ట్రింగ్ మధ్యకి తెగుతుంది. అందుకే స్ట్రింగ్‌ని కుదించిన పూర్తి ఫొటోలో, లోపాన్ని ముక్కల్లో వెతకండి.

జవాబు 2
ఆ 0.95ని నమ్మకండి. సీపీఎల్ఐడీలో 848 ఫొటోలుంటే, లోపమున్న 248 ఇన్సులేటర్ బొమ్మని వేరే ఫొటోల మీద అతికించి కృత్రిమంగా తయారుచేసినవి. అతికించిన అంచులనే మోడల్ నేర్చుకునే ప్రమాదం ఉంది. పైగా ఫొటోలవారీగా విడదీసి ఉంటే ఒకే టవర్ ఇటు ట్రైనింగ్‌లో, అటు వాలిడేషన్‌లో పడుతుంది. టవర్ల వారీగా విడదీసి మళ్లీ కొలవండి. స్కోరు పడిపోతే అదే అసలు స్కోరు.

ప్రశ్న అడిగినవారు
అవునండి, ఫొటోలవారీగానే విడదీశాం. మావి పింగాణీ డిస్కులు. తీగల జాయింట్ల వేడి చూపే థర్మల్ ఫొటోలు మామూలు జేపెగ్‌లో ఉన్నాయి, వాటినీ కలపొచ్చా?

జవాబు 3 (చెన్నై)
అలా కలపకండి. మామూలు జేపెగ్‌లో రంగుల పరిధి ఫ్రేము ఫ్రేముకీ మారుతుంది. ఒక ఫొటోలో ఎరుపు 40 డిగ్రీలు, ఇంకో దాంట్లో 70. ఉష్ణోగ్రత విలువలుండే రేడియోమెట్రిక్ ఫైళ్లు తీసుకోండి. జాయింటుని అదే సర్క్యూట్‌లో మిగతా ఫేజుల (మిగతా రెండు తీగల) జాయింట్లతో పోల్చండి, ఫొటో తీసిన వేళకి లోడు కూడా రాసి పెట్టుకోండి. లోడు సగమైతే పుట్టే వేడి నాలుగో వంతే, పాడైన జాయింటు కూడా చల్లగా కనబడుతుంది.

పింగాణీ సంగతి వేరు. టఫెన్డ్ గాజు డిస్కు పగిలితే గాజంతా రాలిపోతుంది, కాబట్టి ఖాళీ స్పష్టంగా తెలుస్తుంది. పింగాణీ లోపల పంక్చరైతే (కరెంటు లోపలి నుంచి చీల్చుకుపోతే) పైకి చెక్కుచెదరకుండా ఉండొచ్చు, ఫొటోలో దొరకదు. ఇక్కడ సముద్రం ఒడ్డున పేరుకునే పలచటి ఉప్పు పొర కూడా అంతే. రిపోర్టులో «లోపం లేదు» అని రాయకండి, «కంటికి కనిపించే లోపం లేదు» అని రాయండి. లైన్ సిబ్బంది ఆ మాట చూసే టవర్ ఎక్కాలో లేదో తేల్చుకుంటారు.