జపాన్‌లో ఇంగ్లీషు మాటలు ఎలా పలకాలి? అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి

టోక్యోలో నిషికసాయి దగ్గర ఉంటున్నాం. మా ఆఫీసులో జపాన్ వాళ్లే ఎక్కువ, కొందరు అమెరికన్లు, ఆస్ట్రేలియన్లు కూడా ఉన్నారు.

ఇక్కడ దారిలో ఎవరినైనా మెక్‌డొనాల్డ్స్ ఎక్కడని అడిగితే చాలాసార్లు అర్థం కాదు. 'మకుదొనరుదొ' అంటే వెంటనే చూపిస్తారు. అది ఇప్పుడు వాళ్ల మాట, వాళ్లలాగే పలకడం మర్యాద అని నా ఉద్దేశం. కానీ మా అమెరికన్ సహోద్యోగికి అలా పలకాలంటే ఎదుటివాళ్లను వెక్కిరించినట్టు ఉంటుందట. ఆయన బాధ నిజమైనదే. మనకైతే ఇది కొంత తేలిక, బస్సు, కారు అంటూ మనమూ చివర అచ్చు చేరుస్తాం కదా. దీర్ఘాలూ మనకు అలవాటే. ఇక్కడ 'బీరు' అంటే తాగేది, 'బిరు' అంటే బిల్డింగు. ఆయనకు ఈ తేడా ఎంత విన్నా పట్టుబడటం లేదు. చెవికి అలవాటయ్యే మార్గం ఏమైనా ఉందా?

నా అసలు బెంగ మా పాప గురించి. జపనీస్ బడికి వెళ్తోంది. తెలుగులో ల, ర చక్కగా పలుకుతుంది, ఇంగ్లీషులో మాత్రం 'మిల్క్'ని కూడా 'మిరుకు' అంటోంది. సరిదిద్దితే బడిలో స్నేహితులకు అర్థం కాదని ఏడుస్తోంది. ఇక్కడ పిల్లల్ని పెంచినవాళ్లు దయచేసి చెప్పండి: రెండు ఉచ్చారణలూ వాళ్లే విడదీసుకుంటారా? ఇంట్లో ఇప్పటినుంచే ఇంగ్లీషు విడిగా నేర్పాలా?