రెండు రాత్రుల చలికి పడవ ఇంజన్‌లో నీళ్లు మొత్తం తీసేయాలా, బల్బు పెడితే సరిపోతుందా?

కొత్తచుక్కాని:
ఎల్లుండి రాత్రి, ఆ మర్నాడు రాత్రి మైనస్ 5 దాకా పడిపోతుందని చెబుతున్నారు. మా వైపు ఇలాంటి చలి ఎప్పుడో గానీ రాదు, అందుకే ఇంతవరకు దీని గురించి ఆలోచించే పనే పడలేదు. 19 అడుగుల పడవ, పెట్రోల్ స్టెర్న్‌డ్రైవ్ (ఇంజన్ పడవ లోపల, ప్రొపెల్లర్ ఉండే డ్రైవ్ వెనక బయట), సరస్సు నీళ్లే లోపలికి లాక్కుని చల్లబడే ఇంజన్. ప్రస్తుతం ట్రెయిలర్ మీద, పైకప్పు మాత్రమే ఉన్న షెడ్డులో ఉంది. పడవ కొని ఎనిమిది నెలలే. ఏం చేయాలో కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పాతలంగరు:
కంగారు పడకండి. ఇంజన్ పెట్టెలో 60 వాట్ల పాతకాలపు బల్బు ఒకటి వేలాడదీసి, పైన దుప్పటి కప్పి, దాని మీద తార్పాలిన్ బిగించి కట్టేయండి. ఎల్ఈడీ పెట్టేరు సుమా, వెలుగే తప్ప వేడి రాదు. ఇరవై ఏళ్లుగా నేను చేసేది ఇదే. రెండు రాత్రుల కోసం ఇంజన్ విప్పుకోవడం దేనికి?

ఇనపబ్లాక్:
ఎవరూ ఇంజన్ విప్పమనట్లేదు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, పోతఇనుము సాగదు కాబట్టి బీటలిస్తుంది, అంతే విషయం. బ్లాక్‌కి, అంటే ఇంజన్ ఇనప దిమ్మకి, రెండు వైపులా నీళ్లు వదిలే డ్రెయిన్ ప్లగ్ ఒక్కోటి ఉంటుంది, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్స్ కింద ఒక్కోటి, కొన్నిటికి ఇంకొకటి ఉంటుంది, మీ మాన్యువల్ చూసుకోండి. అన్నీ తీయండి. తీయగానే నీళ్లు రాకపోతే లోపల ఖాళీ అనుకుని సంబరపడొద్దు, తుప్పు రేకులూ బురదా చేరి కన్నం మూసుకుపోయి ఉంటుంది, గట్టి తీగ పెట్టి కుళ్లగించండి. నీళ్లు లాగే పంపు దగ్గరి పెద్ద హోస్‌ని కూడా కింది చివర ఊడదీసి వంచండి. డ్రైవ్‌ని పూర్తిగా కిందికి దించి వదిలేయండి, అందులో నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. తెలిసినవాడికి అరగంట పని, మొదటిసారి అయితే గంటన్నర.

గాలివాటం:
పడవ వెనక బయట తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్ కొనుక్కుంటే ఈ గోలే ఉండదు.

ఇనపబ్లాక్:
గాలివాటం గారూ, ఉంటుంది. అవుట్‌బోర్డ్‌ని నిలువుగా కిందికి దించి ఉంచితేనే నీళ్లు కారేది, చాలామంది పైకెత్తి పెట్టి వెళ్లిపోతారు. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉందంటే సీలు కారి లోపలికి నీళ్లు చేరాయని, అవి గడ్డకడితే గేర్‌కేసే పగులుతుంది.

పాతలంగరు:
బ్లాక్ పగలకుండా కంపెనీవాళ్లే ఫ్రీజ్ ప్లగ్స్ పెట్టారు కదా. లోపల ఒత్తిడి పెరిగితే అవి ఊడి బయటికొస్తాయి, బ్లాక్ బతుకుతుంది. పేరులోనే ఉంది.

ఇనపబ్లాక్:
పేరు చూసి మోసపోయేది ఇక్కడే. వాటి అసలు పేరు కోర్ ప్లగ్స్. బ్లాక్ పోత పోసేటప్పుడు లోపలి ఇసుకను బయటికి తీసే కన్నాలను మూసే రేకు మూతలు అవి. చలికి ఒక్కోసారి ఊడతాయి, నిజమే. ఊడినంత మాత్రాన బ్లాక్ బతికిందని కాదు, పక్కనే బీట కూడా ఉండొచ్చు.

పాతలంగరు:
ఊడతాయని మీరే ఒప్పుకున్నారు.

ఇనపబ్లాక్:
ఊడడం వేరు, కాపాడడం వేరు అంటున్నాను.

పాతలంగరు:
మా పక్కవాడి పడవకి రెండు ఊడాయి, కొత్తవి కొట్టించి ఇప్పటికీ నడుపుతున్నాడు. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇనపబ్లాక్:
ఒక్కడు రోడ్డు అడ్డంగా దాటి బతికాడని అందరూ కళ్లు మూసుకుని దాటొచ్చా?

తెరచాప:
మీరిద్దరూ ఆ మూతల దగ్గరే ఆగిపోయారు. నాది నీళ్లలోనే ఉండే పడవ కాబట్టి ఒక మాట. కింది నుంచి నీటి వెచ్చదనం తగులుతూ ఉండడంతో నీళ్లలో ఉన్న పడవ కాస్త నెమ్మదిగా చల్లబడుతుంది, ట్రెయిలర్ మీదున్న దానికి అన్ని వైపులా చలిగాలే. అంటే అడిగినవారి పరిస్థితి నాకన్నా కష్టం. ఇక నీళ్లలో ఉన్నవాళ్లు పడవ అడుగున ఉండే సీకాక్ వాల్వులు మూసి, వాటికి పైనున్న హోస్‌లలో, నీళ్లు వడగట్టే స్ట్రెయినర్‌లో నీళ్లు తీసేయాలి. అక్కడ ఏది పగిలినా గడ్డకట్టినంతసేపు తెలియదు, మంచు కరిగాక నీళ్లు వచ్చేస్తాయి.

గాలివాటం:
సముద్రపు నీళ్లలో ఉంటే భయం లేదుగా, ఉప్పు నీళ్లు గడ్డకట్టవు.

తెరచాప:
గడ్డకడతాయి. మామూలు సముద్రపు నీళ్లయితే మైనస్ 1.9 దగ్గర. మైనస్ 5 అంటున్నారుగా.

కొత్తచుక్కాని:
గాలి కూడా ఉంటుందట, ‘ఒంటికి మైనస్ 11లా అనిపిస్తుంది’ అని యాప్‌లో చూపిస్తోంది. అలాగైతే మైనస్ 11కి తగ్గట్టు సిద్ధం కావాలా?

ఇనపబ్లాక్:
అనిపించడానికి ఇంజన్‌కి ఒళ్లు లేదండీ. గాలికి ఇనుము తొందరగా చల్లబడుతుంది గానీ, ఆ గాలి మైనస్ 5లో ఉంటే ఇనుము మైనస్ 11కి పోదు. కానీ తొందరగా చల్లబడడం కూడా ప్రమాదమే, తెల్లారేదాకా ఆగాల్సింది అర్ధరాత్రికే గడ్డకడుతుంది.

పాతలంగరు:
అందుకే బల్బు.

ఇనపబ్లాక్:
కరెంటు పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఏమైంది? డాలస్‌లో మైనస్ 19 దాకా పడింది, అదే వారంలో రాష్ట్రంలో 45 లక్షల ఇళ్లు, దుకాణాలకు కరెంటు లేదు. చలి ఎక్కువైన రాత్రే అందరూ హీటర్లు వేస్తారు, ఆ రాత్రే లైన్ పోతుంది. పైగా అది పెట్రోల్ ఇంజన్. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, దిగి బిల్జ్‌లో, అంటే పడవ లోపలి అడుగున, కూర్చుంటుంది. అక్కడ ఇంట్లో వాడే బల్బు హోల్డరో, గది హీటరో పెట్టడం, పైన దుప్పటి కప్పడం! దీన్ని సలహా అంటారా?

పాతలంగరు:
ఇరవై ఏళ్లలో నా పడవ కాలలేదు. మీలాంటివాళ్లు పుస్తకం చూసి భయపెడతారు, కొత్తవాళ్లు భయపడి చీకట్లో టార్చ్ పళ్లతో పట్టుకుని ప్లగ్గులు పీకుతారు, ఆ తర్వాత జరిగేదానికి మీరు రారు.

ఇనపబ్లాక్:
పుస్తకం కాదు సార్. నేనూ బల్బే పెట్టాను. రాత్రి రెండింటికి కరెంటు పోయింది, పొద్దున ఏడింటికి వచ్చింది. నేను వెళ్లేసరికి బల్బు చక్కగా వెలుగుతూనే ఉంది, కాబట్టి అంతా బాగుందనుకున్నాను. మూడు వారాలు పోయాక నీళ్లలో దించి స్టార్ట్ చేస్తే డిప్‌స్టిక్ మీద ఆయిల్ నీళ్లు కలిసి కాఫీ రంగులో కనిపించింది. బ్లాక్ ఎడమ పక్కన జానెడు బీట, వెంట్రుక సన్నం. ఇన్సూరెన్స్ వాళ్లు అది మీ అజాగ్రత్త కిందికి వస్తుంది, ఇవ్వం అన్నారు. కొత్త ఇంజన్ పెట్టించుకోలేక పడవ అమ్ముకున్నాను. ఇప్పుడు చెప్పండి, నేను ఏ పుస్తకం చదివానో.

(ఇక్కడ మూడు గంటలు ఎవరూ ఏమీ రాయలేదు.)

పాతలంగరు:
నాది మునిగింది.

నీళ్లు తీసేయమని ఒకతనికి డబ్బిచ్చి చేయించాను. తీశాడు, బాగానే తీశాడు. వేసవిలో దించేముందు మళ్లీ బిగించమన్నాను, బిగించానన్నాడు. ఒకటి బిగించలేదు. ఇంజన్ నడుస్తూ సరస్సు నీళ్లు లాగి లాగి బిల్జ్‌లోనే పోసింది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. పెద్దది ‘నాన్నా, కాళ్లు తడుస్తున్నాయి’ అంటే, ఆడుకుంటూ నీళ్లు చిమ్ముకున్నారేమో అనుకున్నాను. ఒడ్డుకి ఇంకో ఇరవై గజాలుందనగా ఇంజన్ ఆగిపోయింది. అందరం బయటపడ్డాం, పడవ పడలేదు. ఆ తర్వాత నేను ఏ ప్లగ్గూ ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

తెరచాప:
ఇది మొదటే చెప్పాల్సింది అన్నా. రెండు రోజులుగా మీరు మాట్లాడుతున్నది చలి గురించి కాదన్నమాట.

ఇనపబ్లాక్:
క్షమించండి. పిల్లలు ఉన్నారని తెలిస్తే ఆ పుస్తకం గొడవ అలా లాగేవాణ్ణి కాదు. కానీ మాట మార్చను: మీ పడవ మునగడానికి కారణం నీళ్లు తీయడం కాదు, లెక్క పెట్టకపోవడం. తీసిన ప్రతి ప్లగ్గూ ఒక జిప్ కవర్లో వేసి, ఆ కవర్ని ఇంజన్ తాళంచెవికే కట్టేయాలి. కవరు విప్పనిదే తాళం పెట్టలేకపోవాలి.

పాతలంగరు:
అది నాకు ఎవరూ చెప్పలేదు. అయినా మొదటిసారి చేసేవాడి చేత చలి ముంచుకొచ్చే ముందురోజు చేయించడం నాకు ఇప్పటికీ నచ్చదు. మీకు ఒక్క రాత్రి కరెంటు పోయింది, నాకు ఒక్క ప్లగ్గు పోయింది. ఎవరి లెక్క వాళ్లది.

గాలివాటం:
చలికి గడ్డకట్టకుండా పోసే ఆ గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసేస్తే? డబ్బా మీద మైనస్ 50 అని ఉంటుంది.

ఇనపబ్లాక్:
అది ఫారెన్‌హీట్ లెక్క, పైపులు పగలకుండా ఉండే హద్దు. అంతకు చాలా ముందే అది జావలా తయారవుతుంది. లోపల మిగిలిన నీళ్లతో కలిస్తే ఆ హద్దు కూడా ఉండదు. పైగా ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకోకపోతే అది బ్లాక్‌లోకే పోదు, పక్కదారిన బయటికి పోతుంది, వెనక గులాబీ రంగు కనిపించింది కదా అని మీరు చప్పట్లు కొడతారు. ముందు నీళ్లు తీసి, తర్వాత కావాలంటే పోయండి. మనుషులూ జంతువులూ తిరిగే చోటయితే ప్రొపిలిన్ గ్లైకాల్ రకమే వాడండి, ఇథిలిన్ గ్లైకాల్ విషం.

తెరచాప:
బ్యాటరీ మర్చిపోకండి. నిండుగా చార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఈ చలి లెక్కలోది కాదు, పూర్తిగా దిగిపోయినదైతే మైనస్ 7 ప్రాంతంలోనే గడ్డకట్టొచ్చు.

కొత్తచుక్కాని:
అందరికీ థాంక్స్. సాయంత్రం వెలుగుండగానే మొదలుపెట్టాను. మాన్యువల్ ప్రకారం మొత్తం ఐదు. కుడివైపు ప్లగ్ తీస్తే చుక్క రాలేదు. తీగ పెట్టి తిప్పితే ముందు నల్లటి బురద, టీ పొడి లాంటి తుప్పు, ఆ తర్వాత ధారగా నీళ్లు, దాదాపు అర బకెట్. ఇది లోపలే ఉండిపోయి ఉంటే... సరే. డ్రైవ్ దించాను, హోస్ వంచాను, బ్యాటరీ చార్జింగ్‌లో పెట్టాను. ప్లగ్గులు కవర్లో వేసి తాళానికి కట్టాను.

ఒకటే సమస్య. కవర్లో నాలుగే ఉన్నాయి.

పాతలంగరు:
నేనేం చెప్పాను?

ఇనపబ్లాక్:
ఇంజన్ కిందే పడి ఉంటుంది, బిల్జ్‌లో. అయస్కాంతం తెచ్చుకోకండి, అది ఇత్తడి, అంటుకోదు. చెయ్యి పెట్టాల్సిందే.

పాతలంగరు:
టార్చ్ పళ్లతో పట్టుకోండి.